లోపలి నుంచి తెరుచుకోని తలుపు

మొన్న మా ఆయనతో హనుమకొండలో కార్ల షోరూముకు వెళ్లాను. కొత్త కారు వెనక సీట్లో కూర్చోగానే ఇంకా తీయని ప్లాస్టిక్ కవర్ల వాసన తగిలింది. సేల్స్ అబ్బాయి తలుపు వేశాడు. దిగుదామని పిడి లాగితే రాలేదు. "చైల్డ్ లాక్ మేడం, లోపటికెల్లి తెరుసుకోదు" అన్నాడు గొప్పగా. ఆ క్షణంలో ప్లాస్టిక్ వాసన పోయి, ఎండకు కాగిన రెగ్జిన్, పెట్రోలు, సకినాల నువ్వుల వాసనలు నన్ను కమ్ముకున్నాయి.

మా బాపుకు వరంగల్ బజారులో బట్టల దుకాణం. కొత్తదానికి కిస్తీలు కట్టలేనని భయపడి, సగం ధరకే వస్తుందని పాత తెల్లకారు ఒకటి తెచ్చాడు. ఎండాకాలం సెలవుల్లో మా గల్లీ పిల్లలకు దాన్ని నెట్టడమే ఆట. మామిడిరసం కారే చేతులతో వాడకట్టు చివరిదాకా నెట్టి, అది దగ్గి, పొగ వదిలి కదలగానే కేకలు పెట్టేవాళ్లం. వెనక తలుపులు బయటి నుంచి తీస్తేనే వచ్చేవి. ఒకటి బాగుచేయిస్తే ఇంకొకటి చెడేది. అమ్మెయ్యమని అమ్మ అన్నప్పుడల్లా బాపుది ఒకటే జవాబు: "మొన్ననే గదా బ్యాటరీ ఏయించిన. ఇప్పుడెట్ల అమ్ముత?" దాని మీద ఎంత పెడితే అంత గట్టిగా ఆ కారు ఆయనను కట్టేసుకునేది.

నెక్కొండలో చిన్నమ్మ పెళ్లి కుదిరింది. అమ్మమ్మ లేదు కనుక చిన్నమ్మను పెంచింది అమ్మే. జీలకర్రబెల్లం పెట్టే ఘడియకు చెల్లెలి పక్కన నిలబడాలన్నదే ఆమె ఆశ. ముందురోజే వెళ్దామంటే కారు మెకానిక్ షెడ్డులో ఉంది. "రైలెక్కితే జర సేపట్ల దిగుతం గదయ్యా" అంది అమ్మ.

"కారు పెట్టుకొని రైల్ల పోతె నలుగురు నవ్వరా?"

పెళ్లినాడు పొద్దున్నే బయల్దేరాం. ఊరు దాటాక రైల్వే గేటు పడింది. మేం ఎక్కాల్సిన రైలు మా ముందు నుంచే వెళ్లింది. కిటికీలోంచి పక్కింటి లచ్చమ్మత్త చెయ్యి ఊపింది. గేటు లేచింది, కారు లేవలేదు. బాపు దిగి బానెట్ ఎత్తాడు. వెనక సీట్లో పట్టుచీర చెమటకు తడిసిన అమ్మ, ఒళ్లో సకినాల డబ్బాతో నేను. అద్దాలు సగానికే దిగేవి.

"తలుపన్న తియ్యవయ్యా, ఏ ఆటోనన్న పట్టుకొని పోత!"

"ఆగు, ఇగ లేస్తది."

అలా అంటూనే ఉన్నాడు. వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి. అమ్మ పిడిని లాగి లాగి, చివరికి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

మేం చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. అమ్మ నిలబడాల్సిన చోట లచ్చమ్మత్త ఉంది. "కారోళ్లు ఇప్పుడొచ్చిండ్రా? మేం రైల్లొచ్చి సల్లగ కూసున్నం!" అని నవ్వింది. చిన్నమ్మ మాత్రం "నీ కోసం ఎంత సూసిన అక్కా" అంది, అంతే. ఆ తర్వాత అమ్మ ఎన్నడూ ఆ కారును అమ్మమని అడగలేదు.

ఇప్పుడు ఆ గేటు లేదు, పైన వంతెన వచ్చింది. కారు నెట్టే పిల్లలూ లేరు. అమ్మా బాపూ వెళ్లిపోయారు. షోరూము బయట, మేం వచ్చిన మా పాత కారు పక్కన నిలబడి మా ఆయన కాసేపు ఆలోచించాడు. "కొత్తది మంచిగనే ఉన్నది గని, మొన్ననే గదా టైర్లు ఏయించినం. ఇంకో ఏడాది లాగుదాం" అన్నాడు.

నేను కారు ఎక్కి తలుపు వేసుకున్నాను. వెంటనే లోపలి నుంచి పిడి లాగి చూశాను. తెరుచుకుంది.

మళ్లీ వేసుకున్నాను.