పోశన్న రాజీనామా

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాడి కథ మీకు తెలుసు. సంతాప సభకు వెళ్తూ బ్రిటన్ మాజీ ప్రధానిని చంకన పెట్టుకెళ్ళినవాడి కథ తెలియదు కదా? ఆ ఘనుణ్ణి నేనే. ఇందులో నవ్వదలచుకుంటే నన్ను చూసి నవ్వండి. మిగిలినవాళ్ళెవరూ అందుకు తగినవాళ్ళు కారు.

అప్పటికి నేను బహ్రెయిన్ వచ్చి ఆరేళ్ళు. అంతకుముందు ఒక తెలుగు దినపత్రికలో విదేశీ వార్తలు చూసేవాణ్ణి. మా ఎడిషన్ మూతపడ్డాక మీనా సల్మాన్ రేవు‌లోని ఒక గోదాములో స్టోర్‌కీపర్‌గా తేలాను. బస నువైద్రాత్ కార్మికుల క్యాంపులో, గదికి పన్నెండు మందిమి. ఒంటికి సిమెంటు అంటినా బుర్రకు అంటిన సిరా వదల్లేదు. పాత పరిచయాల మీద అప్పుడప్పుడు వ్యాసాలు పంపేవాణ్ణి. క్యాంపులో అందరూ "పేపర్ సారు" అనేవాళ్ళు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నా ఛాతీ కొత్తగా గాలి కొట్టిన లారీ టైరులా ఉబ్బేది.

ఒకరోజు పత్రిక డెస్క్ ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు.

"బ్రిటన్ మాజీ ప్రధాని ఆస్పత్రిలో చేరాడట. ఆయన జీవిత విశేషాలు రాసి పంపు. పోయాక మొదలుపెడితే ఎడిషన్ దాటిపోతుంది."

"పోతాడంటారా?"

"పోకపోతే దాచుకుందాం. పాడయ్యే సరుకా?"

పత్రికల్లో ఇది మామూలే. పెద్దవాళ్ళ సంతాపాన్ని బతికుండగానే వండి పెడతాం. చివర్లో తేదీతో పోపు వేస్తే సరిపోతుంది. లండన్‌లో జ్వరానికి నువైద్రాత్‌లో కషాయం కాచినట్టు, వరసగా రెండు శుక్రవారాలు మంచం మీద బోర్లా పడి ఫోన్‌లో రాశాను. పుట్టిన ఊరు, తండ్రి కోపం, లా చదువు, మొదటి ఎన్నికలో ఓటమి, ఆర్థిక మంత్రి పదవి, ప్రధాని గద్దె, సొంత పార్టీ తిరుగుబాటు, అధికార నివాసం గుమ్మంలో రాజీనామా, ఆ తర్వాత గులాబీ తోట. ఆయన కుక్క పేరు కూడా సంపాదించాను.

నా కింది మంచం పోశన్నది. జగిత్యాల వైపు మనిషి, సెంట్రింగ్ పని. మాట బహు పొదుపు. రెండో శుక్రవారం మాత్రం తల బయటకు పెట్టి అడిగాడు.

"ఎవల గురించి రాస్తున్నరు సారు?"

"బ్రిటన్ ప్రధానిగా చేసినాయన. పోయేలా ఉన్నాడు."

"అయ్యో. పిల్లలున్నరా?"

"ముగ్గురు."

"దగ్గరున్నరా?"

"అదంతా నాకెందుకు పోశన్నా, పడుకో."

పడుకున్నాడు.

తర్వాతి మంగళవారం మా గది గదంతా పొద్దెక్కినా లేవలేదు. కంపెనీ బస్సు హారన్ కొట్టీ కొట్టీ వెళ్ళిపోయింది. "నీ అలారం ఏమైంది?" "నాది సరే, నీదేమైంది?" అని ఒకరినొకరు తిట్టుకుంటూ చొక్కాలు వెతుక్కున్నాం. అలా తిట్టుకున్నది పదకొండు మందిమి. పన్నెండోవాడు పోశన్న. ఆయన లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

కాగితాలన్నీ పూర్తయ్యేసరికి రెండు వారాలు పట్టింది. శవపేటిక ఊరికి బయల్దేరే ముందు శుక్రవారం, భోజనాలయ్యాక మెస్సులో సభ పెట్టుకున్నాం. పొద్దున్నే ఫోర్‌మన్ గంగారాం నా దగ్గరికి వచ్చాడు.

"సారు, పోశన్న పెండ్లాం లచ్చవ్వ వీడియోల ఉంటది. పద్దెనిమిదేండ్లల్ల నాలుగుసార్లే ఇంటికి పోయిండాయె. మా ఆయన దుబాయిల ఎట్ల బతికిండో జర చెప్పుండ్రి అంటున్నది. మీ కిందనే పండెటోడు గద, మీరే చెప్పాలె."

వాళ్ళ వైపు గల్ఫ్ అంతా దుబాయే. నేను చేయి ఊపి, "ప్రధానులకు రాసిన చెయ్యి గంగారాం! పోశన్నకు రాయలేదా?" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా మెడకు నేను పేనుకున్న తాడు ఇదే.

రాయడానికి కూర్చుంటే ఊరి పేరు తెలియదు. వయసు తెలియదు. పిల్లలెందరో తెలియదు. ఆరేళ్ళు ఒకే మంచానికి పైనా కిందా పడుకున్న మనిషి గురించి నాకు తెలిసింది ఒక్క వాక్యం, అదీ సగం. మధ్యాహ్నం దగ్గరపడింది. అప్పుడు నా మేధస్సు వెలిగింది. ప్రధాని వ్యాసం వండి సిద్ధంగా ఉందిగా, పేరు మార్చి వడ్డిస్తే పోలేదా? మొదటి రెండు పేరాలు మార్చానో లేదో బయటినుంచి కేక. "సారూ, యల్లా, జల్ది రండ్రి! ఫోన్ కలిసింది!" మిగతాది నోటితో మార్చుకుంటూ చదివేద్దామనుకున్నాను. డెస్కులో పనిచేసినవాడి పొగరు అలాంటిది.

ఫోన్‌ను బియ్యం డ్రమ్ముకు ఆనించారు. తెరమీద లచ్చవ్వ, పక్కన కూతురు. "పేద ఇంట పుట్టి, చెమటనే నమ్ముకుని" అని మొదలుపెట్టగానే వెనక వరసలో ముక్కులు చీదారు. తలెత్తితే లచ్చవ్వ రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది. నా కళ్ళద్దాలు మసకబారాయి. ఆ తర్వాత ఏది కనబడితే అది చదువుకుంటూ పోయాను.

"చిన్ననాటి నుంచే వాదనలో దిట్ట. ఆయన నోటికి ప్రతిపక్షం జడిసేది."

మా గదిలోనే ఉండే వంటమనిషి సూరిబాబు అమలాపురం వైపువాడు. పక్కవాడి చెవిలో అన్నాడు. "పోశన్నగారేనాండీ? కూరలో ఉప్పు లేకపోయినా నోరిప్పేవోరు కాదండీ!"

"ఊకో. మనకు తెల్వకుంట ఉండొచ్చు."

"విదేశాంగ వ్యవహారాల్లో చెరగని ముద్ర వేశారు."

"ఇది విదేశమే గద," అని ఎవరో సర్దేశారు.

"చివరకు సొంతవాళ్ళే ఆయన మీద తిరగబడ్డారు."

తలలన్నీ గంగారాం వైపు తిరిగాయి. ముందటేడు పోశన్న సెలవు అడిగితే ఆపింది ఆయనే. "నన్నేం జూస్తున్నర్రా? పైనుంచి ఆర్డరుండె," అంటూ గోడకు ఒదిగాడు.

నా బండి ఆగలేదు. "ఒక ఉదయం గుమ్మం ముందు నిలబడి, నిబ్బరంగా తన రాజీనామాను ప్రకటించారు."

"ఏందీ?" అంది ఫోన్.

ఆగాను.

"రాజీనామ పెట్టిండా సారు? ఇంటికొచ్చెటందుకేనా? నాకు చెప్పనే లేదు. ఎన్నడు పెట్టిండు?"

తర్వాతి వాక్యం నా వేలి కిందే ఉంది: శేషజీవితం గులాబీ తోటలో, మనవల మధ్య. "అవునమ్మా" అంటే సరిపోయేది. గంగారాం కళ్ళతోనే బతిమాలుతున్నాడు, అనెయ్యమని. నా నోట్లోంచి రాలేదు.

"లేదమ్మా. తప్పు చదివాను. ఇది వేరే ఆయన కథ."

"ఎవలది?"

"బ్రిటన్ ప్రధానిది."

మెస్సులో వెనకెక్కడో ఒకడు ముక్కుతో నవ్వాడు. ఆపుకోబోయి ఇంకొకడు దగ్గాడు. ఇక గట్టు తెగింది. భుజాలు ఊగిపోతున్నాయి. తెరమీద కూతురు నవ్వింది, లచ్చవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎంత ఒక్కసారిగా వచ్చిందో అంత ఒక్కసారిగా నవ్వు ఆగిపోయింది.

"అట్లనా," అంది లచ్చవ్వ. "మరి మా ఆయనది చెప్పుండ్రి సారు."

ప్రధాని కుక్క పేరు నా నాలుక మీదే ఉంది. పోశన్నది ఏముంది?

సూరిబాబు ముందుకు వచ్చాడు. "అమ్మా, నేను వంటోణ్ణండీ. రోజూ నాలుగింటికి నన్ను లేపేది ఆయనేనండీ. పేరెట్టి పిలిస్తే పక్కోళ్ళకి మెలకువొచ్చేత్తదని, పాదం మీద తట్టేవోరండీ."

"నన్ను గూడ ఆయనే లేపుతుండె," అన్నాడొకడు.

"నిన్నా? నన్ను గద లేపేది!"

అలా నేను తప్ప గదిలోని పది గొంతులూ లేచాయి. ప్రతివాడూ పోశన్న తననొక్కణ్ణే లేపుతున్నాడనీ, మిగతావాళ్ళకు అలారాలున్నాయనీ అనుకున్నాడు. గదిలో అలారం పెట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. నా మంచం పట్టె మీద రోజూ రెండుసార్లు టకటకమనేది. అది ఎవరిదని నేను ఏనాడూ కిందికి వంగి చూడలేదు. నాకు నేనే లేస్తున్నానని ఆరేళ్ళు గర్వపడ్డాను.

లచ్చవ్వ తల ఊపింది. "ఇంట్ల గూడ కోడి కన్న ముందు లేస్తుండె. గాయనే. గాయనే మా ఆయన."

ప్రధానిగారి సంగతంటారా? మా సభ అయిన వారంలో ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ నిక్షేపంగా ఉపన్యాసాలిస్తున్నాడు. ఆయన సంతాపం నా ఫోన్‌లో చెక్కుచెదరకుండా ఉంది. ఏటా దానికి నాలుగు వాక్యాలు కలిపి పెట్టమని ఇన్‌ఛార్జి గుర్తుచేస్తాడు.

కాబట్టి మెస్సులోని బియ్యం డ్రమ్ము సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఒకరి చొక్కా ఇంకొకరి శవానికి తొడగను. పక్క మంచం మనిషి బతుకు గురించి అతను బతికుండగానే అడుగుతాను. ఇందులో ఒక చిక్కుంది. మొన్న నోటుపుస్తకం పట్టుకుని వంటగదిలోకి వెళ్ళాను. "సూరిబాబూ, మీదే ఊరు? పిల్లలెందరు? దగ్గరున్నారా?" అన్నానో లేదో, ఆయన గరిటె వదిలేసి రెండు చేతులూ జోడించాడు.

"బాబ్బాబూ, నిన్ననే బీపీ చూపించుకున్నానండీ, బాగానే ఉందన్నారండీ! ఆ ప్రధానిగారిదే రాసుకోండి సారూ!"