చిన్నాయన ముట్టి చూసిన సముద్రం

మా చిన్నాయన పోయాడన్న కబురు చిన్నమ్మ కంటే ముందే నాకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజులవి. ఆసుపత్రిలోకి ఇంటివాళ్లను రానివ్వలేదు. అక్కడి కాగితాల్లో ఆయన్ను పనికి పెట్టిన కాంట్రాక్టరు నంబరే ఉంది. "హెల్పర్ పోయాడు. రేపు పడవ మామూలుగానే బయలుదేరుతుంది" అని రాశారు. కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా పడ్డాయి. ఆ హెల్పర్ అన్న మాట మీద నాకింకా కోపం చల్లారలేదు.

ఆయన సగం జీవితం సూరత్ మరమగ్గాల దగ్గరే గడిచింది. అక్కడి పర్వత్ పాటియాలో మా రెండు కుటుంబాలదీ ఒకటే వరండా. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోతే, నేను పనిచేసే సర్వే కంపెనీ పడవ ఎక్కాడు. సముద్రంలో గాలిమరలు నిలబెట్టాలంటే ముందు అడుగున నేల ఎలా ఉందో పటం గీయాలి. పడవ కింది యంత్రం శబ్దం పంపి లోతు చెబుతుంది. అది నిజమో కాదో చూడటానికి అక్కడక్కడ సీసపు గుండు కట్టిన తాడు దించడం చిన్నాయన పని. ఇచ్ఛాపూర్ ఆఫీసులో కూర్చుని ఆ అంకెలను పటంలోకి ఎక్కించడం నా పని.

తాడుకు మీటరుకొక రంగు నూలు ముడేసుకున్నాడు. గుండు నేల తాకే వేళకు కళ్లు మూసుకునేవాడట. "మిషన్ జూస్తది బిడ్డా, నేను ముట్టుకుంట. గంతే ఫరక్" అనేవాడు.

ఒకచోట యంత్రం చెప్పినదానికంటే ఆయన తాడు ప్రతిసారీ రెండు మీటర్లు ఎక్కువ చూపించింది. పడవ మీది ఇంజనీరు నవ్వి ఊరుకున్నాడు. ఇంటికొచ్చాక చిన్నాయన నాతో అన్నాడు: "గది నేల గాదు, గంజి. ముప్పై ఏండ్లు నూలుకు గంజి వెట్టినోన్ని, నా చేతికి తెల్వదా? పైన పల్చటి బురద. నేల ఇంక కిందున్నది."

ఆఫీసులో ఆ కొలతలు తీసేయమన్నారు. చదువుకున్న బుర్ర కదా, నేనూ యంత్రాన్నే నమ్మి తుడిచేశాను. ఆ సంగతి చెబితే చిన్నాయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. "రేపు గా మర ఒరిగినంక నన్నడగకుండ్రి" అన్నాడు.

కొన్నాళ్లకు అక్కడే గొట్టం దింపి మట్టి తీశారు. పైనున్నదంతా గుప్పిట్లో నిలవని జారు బురదే. ఆయన కొలతలనే మళ్లీ పటంలో పెట్టమన్నారు. ఆయనతో ఒక్క మంచిమాట అన్నవాడు లేడు. నేనే వెళ్లి తప్పు నాదని ఒప్పుకున్నాను. "ఇగ మీకు గంజి గాసుడు గూడ నేనే నేర్పాల్నా?" అని నవ్వి చాయ్ పెట్టమన్నాడు. నెల తిరక్కుండానే జ్వరం పట్టుకుంది.

నివేదిక అచ్చయి వచ్చింది. అందులో ప్రతి యంత్రం పేరూ ఉంది, దాని నంబరూ ఉంది. నా పేరు కూడా ఉంది. ఆయన పేరు లేదు. ఎందుకు లేదని రాసి అడిగాను. హెల్పర్ల పేర్లు వేసే ఆనవాయితీ లేదట! నేలను సరిగ్గా కనిపెట్టినవాడు హెల్పరైతే, ఆ కొలతను తుడిచేసిన నేనెవరిని? కనీసం నా పేరైనా తీసేయండని మళ్లీ రాశాను. దానికి జవాబే రాలేదు.

పటం తీసుకెళ్లి చిన్నమ్మకు ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. నేల మీద పరిచి, "మీ చిన్నాయన ముట్టింది ఏడ?" అంది. ఆమె వేలు పట్టుకుని ఆ చోటు చూపించాను.

"గీడ ఆయన పేరున్నదా?"

"లేదు చిన్నమ్మా."

"ఆయన జెప్పిన లోతు?"

"అది ఉంది."

"అంటే మనిషి వద్దు గని, మనిషి జెప్పింది గావాల్నా?"

ఆమె ఆ చోటు మీంచి వేలు తీయలేదు. "జర సదువు, నేనింట" అంది. ఒకప్పుడు నేను తుడిచేసిన అంకెలను ఒక్కొక్కటే గట్టిగా చదివాను. పంకా గాలికి లేస్తున్న కాగితాన్ని ఆమె రెండు అరచేతులతో అదిమి పట్టుకుని కూర్చుంది.