మంచినీళ్లు అడిగిన పెద్దాయన

మా ఢిల్లీ ఆసుపత్రి వార్డులో, ఇక్కడి ద్వారక ప్రాంతం నుంచి వచ్చిన ఒక తెలుగు పెద్దాయనకు ఈ రోజు ఎంత ఇన్సులిన్ ఇచ్చినా షుగర్ దిగలేదు. మధ్యాహ్నం చూస్తే మంచం కింద విటమిన్ వాటర్ సీసాలు, మూడు ఖాళీవి.

ఆయన కూతుర్ని అడిగాను.

"ఢిల్లీ కుళాయి నీళ్లు ఎవరు తాగుతారు సిస్టర్? ఇది హెల్దీ కదా!" అంది.

"లేబుల్ చదివారా? ఇందులో ఉన్నదంతా చక్కెరే."

పెద్దాయన నీరసంగా అన్నాడు: "నిన్నటి నుంచి మంచినీళ్లే అడుగుతున్నానమ్మా."

వార్డులోని తాగునీటి కుళాయి దగ్గర గ్లాసు నింపి ఇచ్చాను. గటగటా తాగేశాడు.

చక్కెర నీళ్లకు విటమిన్ పేరు తగిలించి అమ్మేవాళ్లను తలచుకుంటే ఒళ్లు మండిపోతోంది. వాళ్లను ఏమనాలో మీరే చెప్పండి. నా నోటికొచ్చినవి ఇక్కడ రాయలేను.