యాదగిరి మామ గుజరాతీ అయిన వారం

మొన్న మా అమ్మాయి ఫోనులో ఏదో కార్టూన్ పెట్టుకుంది. ఆ బాకా మోత, వెనక జనం గొల్లున నవ్వే చప్పుడు వినగానే సూరత్‌లోని ఉధ్నా పేటలో మా పక్కింటి యాదగిరి మామ గుర్తొచ్చాడు. మరమగ్గాల మెకానిక్. కరీంనగర్ నుంచి పడుచుతనంలోనే సూరత్ వచ్చేశాడు. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. సాయంత్రం చేతుల గ్రీజు కడుక్కొచ్చి, హిందీలో వచ్చే ఆ అమెరికా కార్టూన్ నాతో కలిసి చూసి, నాకంటే గట్టిగా నవ్వేవాడు.

ఒకరోజు కథలో ఆ కార్టూన్ కుటుంబంలోని బొద్దు నాన్నకు తన ముత్తాత నల్లజాతివాడని తెలుస్తుంది. తెల్లారేసరికి నడక మార్చాడు, యాస మార్చాడు, ఎన్నడూ పడని కష్టాలన్నీ తానే పడ్డట్టు వీధిలో ఉపన్యాసాలు మొదలెట్టాడు. పొరుగింటి నల్లాయన "నిన్నటిదాకా నన్ను పలకరించనైనా లేదు కదయ్యా!" అంటే మామకు నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. "తాత దొరకంగనే మనిషే మారిపోయిండు, సూడు!" అన్నాడు. ఆ కథ వెక్కిరించింది నల్లవాళ్లను కాదు, చుక్క రక్తం దొరగ్గానే వాళ్ల బతుకంతా తనదే అనుకునేవాణ్ణి. అదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆ మరుసటి వారమే ఊరి నుంచి వచ్చిన మామ పెదనాయన, మన పెద్దలు ఒకప్పుడు గుజరాత్ నుంచే వచ్చారట అని ఓ మాట అన్నాడు. ఇక చూడాలి మామ వేషం! గుజరాతీల్లా అత్త చేత పప్పులో బెల్లం వేయించాడు, నెత్తిన టోపీ పెట్టాడు, నన్ను 'కేమ్ ఛో', ఎలా ఉన్నావని పలకరించాడు. నాకు నవ్వాగలేదు కానీ ఆయనకది ఆట కాదు. కార్ఖానాలో ఇన్నేళ్లుగా అందరూ "ఏయ్ ఆంధ్రా" అనే పిలిచేవారు. తమవాడని తెలిస్తే పేరుతో పిలుస్తారని ఆయన ఆశ. వెళ్లి కార్ఖానా యజమాని సేఠ్‌తో చెప్పాడు. అక్కడ కొత్త మనిషిని ఎవరైనా అడిగే మాటే సేఠ్ అడిగాడు. "కయుం గామ్?" ఏ ఊరని. పెదనాయన ఆ ఊరి పేరు చెప్పనేలేదు.

ఇంటికొచ్చి టోపీ మంచం మీద పడేసి, జరిగింది చెప్పాడు. నేను ఊరుకోలేక "మామా, నువ్వు గా కార్టూన్ బొద్దాయన లెక్కనే చేసినవ్" అనేశాను. ఒక్క క్షణం నన్ను చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. అత్త మాత్రం నవ్వలేదు. "జవానీ అంత ఈ ఊర్ల మగ్గాలకే పెడితివి. గది సాలదని తాతను పట్టుకొస్తివా? జర సోయి ఉండాలె," అంది. ఎంత మాట అంది మా అత్త!

మర్నాడు అత్త కార్ఖానాకు ఆయన అన్నం తీసుకెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. "ఏయ్ ఆంధ్రా, మగ్గం ఆగిపోయింది!" అని ఎవరో కేకేశారు. మామ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. "నా పేరు యాదగిరి. పేరు పెట్టి పిలిస్తే వస్తా భాయ్," అన్నాడు హిందీలో, నవ్వుతూనే. ఉన్న పని కూడా పోతుందేమోనని నాకు భయమేసింది. మగ్గం అలాగే ఆగి ఉంది. చివరికి సేఠే బయటికొచ్చి పిలిచాడు, "యాదగిరి భాయ్, జరా ఆవో."

బడిలో నన్ను 'మద్రాసీ' అనేవారు. ఆ మర్నాటి నుంచి నేనా పిలుపుకు పలకలేదు.