పదకొండుసార్లు రాసుకున్న కీచు

మార్చి 18, మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నర. గుంటూరు ఊరిచివర కార్ల షెడ్డు. హాజరైనవారు: నేను, మా ఆవిడ, మా బావమరిది, మెకానిక్, ముందు చక్రాలు ఊడదీసి జాకీల మీద నిలబెట్టిన మా కారు.

ఎక్కడికి వెళ్లినా హాజరు రాసుకోవడం నాకు అలవాటు. మా పెళ్లినాటి డైరీలో కూడా రాశాను. అందులో మా ఆవిడది నాలుగో స్థానం. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ నలుగుతూనే ఉంది.

షెడ్డుకు వచ్చింది బ్రేకుల కోసం. తొక్కితే చాలు, పిండిమరలో రాయి పడ్డట్టు గరగరమనేవి. మర్నాడు దర్శిలో మా ఆవిడ చెల్లెలి గృహప్రవేశం. "మంగళవారం సాయంత్రానికి ఆ గోల ఆగకపోతే తాళాలు తమ్ముడికిచ్చేస్తా. రేపటికే కాదు, ఇక ఎప్పటికీ వాడే నడుపుతాడు" అని ఆవిడ ముందే తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు విన్నప్పటి నుంచి బావమరిది నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిరుగుతున్నాడు. వాడిది పత్తి వ్యాపారం. డెబ్భై దాటినవాళ్లు స్టీరింగు ముట్టకూడదని వాడి సిద్ధాంతం. నాకు డెబ్భై ఒకటి.

మిర్చి యార్డులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి, మానేసిన నెలలో కొన్న కారు అది. ఇంట్లో నేను ఎటు తిప్పితే అటు తిరిగే వస్తువు అదొక్కటే మిగిలింది.

మెకానిక్ మా వీధి దర్జీ కొడుకు. నలభై దాటినవాడు, నన్ను బాబాయ్ అంటాడు. ఖర్చు ఒక అట్టముక్క మీద రాసి చేతికిచ్చాడు. ప్యాడ్లు రెండువేల రెండొందలు, డిస్కులు ఐదువేల ఆరొందలు, బ్రేకు ఆయిలు నాలుగొందలు, కూలి పన్నెండొందలు.

"తొమ్మిదివేల నాలుగొందలా! ఏరా, బ్రేకులు వేస్తున్నావా, బంగారు కడియాలు తొడుగుతున్నావా?"

"రెండూ గుండ్రంగానే ఉంటాయి బాబాయ్. కడియాలు వేస్తే బండి ఆగదు."

నేను మోకాళ్లు పట్టుకుని వంగి చూశాను. బయటవైపు కనిపించే ప్యాడ్ మందంగానే ఉంది, సగం కూడా అరగలేదు. నా అనుభవమంతా గొంతులోకి తెచ్చుకుని, వీడు మనల్ని ముంచుతున్నాడని అందరికీ వినబడేలా ప్రకటించాను. బావమరిది కూడా తలూపాడు. వాడు నాతో ఏకీభవించినప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. "బాబాయ్, యార్డులో మీ పనేంటి?"

"కాయ చూసి ధర కట్టడం."

"మిర్చి టిక్కీ మూతి దగ్గర కాయ చూసి కట్టేసేవారా?"

నాకు పౌరుషం వచ్చింది. "నన్నేమనుకున్నావురా? బస్తా అడుగుదాకా చెయ్యి పెడితే గానీ ధర చెప్పేవాణ్ణి కాదు. పైన నిగనిగలాడే ఎర్రకాయ పోసి, అడుగున తాలు నింపేవాళ్లు ఎంతమందిని..."

నా మాట నాకే వినబడి ఆగిపోయాను. అతను లోపలివైపు ప్యాడ్ ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. దాని మీద అరగాల్సిన పొర అనేదే లేదు, ఇనుప రేకు మాత్రం మిగిలింది. డిస్కు మీద పడ్డ గాడిలో నా గోరు దిగింది.

"ప్యాడ్ జారాల్సిన పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అందుకే లోపలిది ఒక్కటే అరిగింది. అరిగేటప్పుడు కీచుమని ఉంటుంది. అరవడానికే దానికొక చిన్న రేకు పెడతారు. అప్పుడే వచ్చుంటే ప్యాడ్లు, కూలి కలిపి మూడువేలకు అటూ ఇటుగా తేలిపోయేది. మీరు రాలేదు, ఇనుము డిస్కును కోసేసింది. మిగతాదంతా ఆలస్యం ఖర్చు."

"డిస్కుని లేతుకిచ్చి చెక్కిస్తే?"

అతను కొలిచి చూపించాడు. చెక్కడానికి మందం మిగల్లేదు.

"ఇంతకీ ఎప్పట్నుంచి అరుస్తోంది?"

పోయిన వారం నుంచి అని ఉంటే సరిపోయేది. కానీ డైరీ సంచిలోనే ఉంది, దాన్లో ఉన్నది కాదనడం నాకు చేతకాదు. తీసి చదివాను.

"డిసెంబరు 9. చిలకలూరిపేట దగ్గర బ్రేకులో కీచు. సమయం 7.50. డిసెంబరు 21. పర్చూరు వెళ్తూ కీచు, ఎడమవైపు. జనవరి 5. కీచు. రేడియో పెంచితే వినబడలేదు..."

అలా పదకొండు ఉన్నాయి. చివరిది: "ఫిబ్రవరి 27. కీచు పోయి గరగర వచ్చింది. మార్పు మంచిదే."

బావమరిది కళ్లద్దాలు తీసి మరీ నవ్వాడు. "ఇంత పద్ధతిగా బండి పాడుచేసుకున్నవాళ్లను నేనెక్కడా చూళ్లేదు బాబాయ్" అన్నాడు మెకానిక్. మా ఆవిడ నవ్వలేదు.

"పదకొండుసార్లు రాశారు. ఒక్కసారి చూపించలేకపోయారా? పక్కన కూర్చున్నది నేను."

నేను డైరీ మూసి సంచిలో పెట్టుకున్నాను.

సాయంత్రం ఐదింటికి కారు తయారైంది. బ్రేకు తొక్కితే చీమ చిటుక్కుమన్నంత శబ్దం కూడా లేదు. షరతు నెరవేరింది కదా అని చెయ్యి చాచాను.

"గోల ఆగింది. తాళాలు."

"ఆపింది మీరా? మెకానిక్ గదా" అని ఆవిడ తాళాలు తమ్ముడి చేతిలో వేసింది.

మర్నాడు ఉదయం ఆరింటికి బయలుదేరాం. బావమరిది స్టీరింగు దగ్గర, మా ఆవిడ వాడి పక్కన, నేను వెనక సీట్లో ఒళ్లో పులిహోర డబ్బాతో. కారు బురదలో గేదెలా బరువుగా కదులుతోంది. ముందుకు వంగి చూస్తే వాడి ఎదుట ఎర్ర లైటు వెలుగుతోంది. డబ్బా పక్కన పెట్టి డైరీ తెరిచాను. పెన్ను మూత తీశాను. 6.14.

మూత మళ్లీ పెట్టేశాను. "ఒరేయ్, హ్యాండ్ బ్రేకు దించరా!"

"బావా, వెనక కూర్చున్నవాళ్లు పులిహోర చూసుకోవాలి, రోడ్డు కాదు" అంటూ కిందికి చూసి, నాలిక కరుచుకుని బండి పక్కకు ఆపాడు. కాలిన వాసన అప్పటికే లోపలికి వచ్చింది.

మా ఆవిడ వెనక్కి తిరిగింది. "రాశారా?"

"లేదు. ముందు చెప్పాను."

ఆవిడ నా ఒళ్లో ఖాళీ పేజీ వైపు చూసింది. తర్వాత తమ్ముడి వైపు చూసి, "దిగరా" అంది.

వాడు వెనక సీట్లో పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. నేను బయలుదేరడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది. సీటు బాగా ముందుకు జరుపుకోవలసి వచ్చింది, వాడి కాళ్లు పొడుగు.