ఇంజిను మీద సింధూరం

మొన్న బిడ్డతో, అల్లుడితో జనగామ పోతుంటే, నర్మెట్ట దాటాక, అల్లుడి పాత డీజిల్ కారు ఠప్పుమని ఒక్క చప్పుడు చేసి రోడ్డు మీదే ప్రాణం విడిచింది. తాడు కట్టి జనగామకు లాక్కుపోతే అక్కడి మెకానిక్ ముందరి మూత విప్పి, తెగిన టైమింగ్ బెల్టును చచ్చిన పామును ఎత్తినట్టు ఎత్తి చూపించాడు. మాడిన రబ్బరు, పాత నూనె, వేడి ఇనుము కలిసిన వాసన నా ముఖానికి కొట్టింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరం జరిగాను. ఆ వాసన వస్తే నాకు మా కాక ఏడుపు వినిపిస్తుంది.

కాక అంటే మా బాపు తమ్ముడు. భూపాలపల్లిలో మాకు రేకుల షెడ్డు ఉండేది. బొగ్గు లారీలు పోయినప్పుడల్లా నల్లటి దుమ్ము లేచి ఆరేసిన చీరల మీద, అంబలి గిన్నెల మీద, మా కనురెప్పల మీద కూడా వాలేది. వానాకాలం రేకుల మీద వాన రాళ్లు వేసినట్టు పడుతుంటే, నేను పాత బేరింగుల్లోని గుండ్లు తీసి గచ్చకాయలు ఆడేదాన్ని. కాక గ్రీసు చేతులతోనే మక్కకంకులు కాల్చి పెట్టేవాడు. మా అమ్మను ఏడిపించేవాడు: "వదినా, గీ ఇంజిన్ల కంటె నీ పొయ్యే నయం, ఊదితె అంటుకుంటది." బాపు వేరు. బాపు చెయ్యి లేచిందంటే ఉత్తగా దిగేది కాదు. అమ్మ వీపు, కాక చెంప, నా తొడ, ఏది దగ్గరుంటే దానిమీద దిగేది. మా ఇంట్లో దెబ్బ అన్నంలో ఉప్పులాంటిది, రోజూ ఉండాల్సిందే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, దసరా ముందు, చిట్యాల దగ్గర బెల్టు తెగిన కారొకటి మా షెడ్డుకు వచ్చింది. ఒక బొగ్గు కాంట్రాక్టరుది. ఆ ఇంజినుకు పై చక్రం వాల్వులను ఆడిస్తుంది, కింది చక్రం పిస్టన్లను ఆడిస్తుంది. రెండింటినీ ఒక లెక్కలో నడిపేది ఆ పళ్ల బెల్టే. ఒకటి రెండు పళ్లు తప్పితే చాలు, లోపల అవి ఒకదాన్నొకటి గుద్దుకుని చస్తాయి. బాపు వారం రోజులు కూర్చుని వంగిన వాల్వులు మార్చాడు. చక్రాల మీది పాత గుర్తులు అరిగిపోతే, నూనెలో కలిపిన సింధూరంతో ఒక్కో చక్రానికి ఒక్కో చుక్క పెట్టాడు. గ్రీసు తగిలినా అది చెరగదు. ఆ రెండు చుక్కలు ఎదురెదురుగా వచ్చినప్పుడే బెల్టు ఎక్కించాలి. కొత్త బెల్టు ఎక్కించడం ఒక్కటే మిగిలింది.

దసరా తెల్లవారింది. సద్దుల బతుకమ్మ నాటి తంగేడు పూలు ఇంకా గడపలో వాడిపోయి ఉన్నాయి, పొయ్యి మీద గారెల నూనె కాగుతోంది, బాపు మాంసం, కల్లు తేవడానికి పోయాడు. అమ్మ సింధూరం గిన్నె నా చేతికిచ్చింది. "పానాలకు, జాకీకి, బండికి అన్నిటికి బొట్లు పెట్టి రా బిడ్డా. ఒక్కటి మర్వకు." నేను ఒక్కటీ మరవలేదు. మూత విప్పి ఉన్న ఇంజినులో రెండు చక్రాలకూ నిండుగా బొట్లు పెట్టాను. ఒక్కటే చుక్క ఉంటే బోసిగా కనిపించింది.

అంతలో కాంట్రాక్టరు వచ్చి జమ్మి పూజకు పోవాలని కాక మీద పడ్డాడు. "బెల్టు ఎక్కిచ్చుడే గదరా, గంత చేతగాదా?" కాక చక్రాల నిండా ఉన్న చుక్కలు చూశాడు, ఏది బాపు పెట్టిందో తెలియక తల గోక్కున్నాడు, ఎదురెదురుగా ఉన్న రెంటిని కలిపి బెల్టు ఎక్కించాడు. తాళం తిప్పే ముందు ఇంజినును చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాల్సింది. తిప్పలేదు, అది ఆయన తప్పే. తాళం తిప్పగానే డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు కటకటమని, ఇంజిను బిగుసుకుపోయింది.

బాపు మాంసం సంచితో లోపలికి వచ్చేసరికి కాంట్రాక్టరు వెటకారంగా నవ్వుతున్నాడు. "తమ్ముని చేతుల నా బండిని పెట్టి పండుగ జేస్కుంటున్నవా? షెడ్డా గిది, కటిక దుకాణమా?"

బాపు సంచి వదిలేసి తెగిన పాత బెల్టు అందుకున్నాడు. దాని పళ్లు దిగిన చోటల్లా కాక వీపు మీద రంపపు గీతలు లేచాయి. "అన్నా, నీ కాళ్లు మొక్కుత" అంటూనే ఉన్నాడు కాక. నాకు ఉచ్చ పడింది. అయినా పోయి బాపు కాలు పట్టుకున్నాను.

"కాకను కొట్టకు బాపూ. గా బొట్లు నేను పెట్టిన."

బాపు చెయ్యి గాలిలో ఆగింది. నా వేళ్లు చూశాడు, చక్రాలు చూశాడు, తర్వాత కాంట్రాక్టరు ముఖం చూశాడు. నా జడ పట్టి ఈడ్చుకుపోయి అర్రలో పడేశాడు. "నోర్ముయ్. ఆడిపోరి బండ్లు ముడుతదంటె రేపు నా షెడ్డు మొకాన ఎవడొస్తడు?" బయట గడియ పడింది. మళ్లీ బెల్టు చప్పుడు మొదలైంది. ఆఖరికి పానా చప్పుడు, దానితో పాటు కాక అరుపు. ఆ పూట మాంసం ఉడికింది, అందరం తిన్నాం. కాక తినలేదు, ఆయన కుడిచేతి వేళ్లు నాలుగూ విరిగిపోయి ఉన్నాయి.

ఆ చేతికి మళ్లీ పానా పట్టు దొరకలేదు. మానుకోట పోయి మిర్చి బస్తాలకు కాపలా ఉండి బతికాడు. ఈ ఎండాకాలంలో పోయాడు. పదకొండో రోజు బంతిలో ఒక పెద్దమనిషి ముక్క నములుతూ, "దసరా నాడు కారును సంపినోడు గదా" అని నవ్వితే, నా విస్తరి తీసి ఆయన ముఖాన కొట్టాను. జరిగిందంతా అరిచి చెప్పాను. చిన్నమ్మ, కాక భార్య, నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది. "నాకు ఎర్కేనే బిడ్డా. పెండ్లైన తెల్లారే చెప్పిండు. 'పోరి కాళ్లు పట్టుకోని చెప్పింది, మా అన్నే ఇనలే' అన్నడు."

ఇప్పుడు భూపాలపల్లిలో ఆ రేకుల షెడ్డు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. బాపు లేడు, చెయ్యి లేపడంలో బాపుకు తీసిపోని నా మొగుడూ లేడు. మొన్న జనగామలో, "బెల్టు ముందే మార్పియ్యమంటె ఇన్నవా" అని నా బిడ్డ అన్నందుకు అల్లుడు నలుగురిలో దాని మీద చెయ్యి ఎత్తాడు. నేను ఆ మణికట్టు పట్టుకుని, ఎముక కదిలేదాకా వంచాను.

"దించు" అన్నాను. దించాడు.