రెండు గంటలకు చూడవలసిన ఇల్లు

చెన్నైకి ఉత్తరాన తిరువొత్తియూరులో, రైలు పట్టాలకూ సముద్రానికీ మధ్య, ఒక ఫ్యాక్టరీ కార్మికులు సహకార సంఘంగా ఏర్పడి కట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి. కింద ఒక వరుస, పైన మూడు అంతస్తులు. లిఫ్టు లేదు. మూడో అంతస్తులో చివరి ఇల్లు గోవిందమ్మది. దాన్ని అమ్మకానికి పెట్టింది.

ఇళ్ళు పంచినప్పుడు చీటీలు వేశారు. ఆమె భర్త మునిరాజు తీసిన చీటీలో పై ఇల్లు వచ్చింది. అది ధనుర్మాసం. ఎక్కి చూసి, చల్లగా ఉందని ఇద్దరూ సంతోషించారు. నాలుగు నెలలు గడిచాక తెలిసింది ఆ ఇంటి సంగతి. ఎండంతా మిద్దె మీదే పడుతుంది. మిద్దె దాన్ని పగలు తాగి రాత్రి వదులుతుంది.

గోవిందమ్మ అప్పుడు బడిలో మధ్యాహ్న భోజనం వండేది. పొయ్యి దగ్గరనుంచి ఇంటికి వస్తే ఇల్లు ఇంకో పొయ్యి. అలవాటైపోయింది అని అందరితో అనేది. అలవాటు కాలేదు.

అమ్మేది ఎండ భరించలేక కాదు. నిరుడు మునిరాజు స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తాడు గాని మెట్లు దిగలేడు. ఆసుపత్రికి పోవాలంటే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోయాలి. మోసేవాళ్ళను మాటిమాటికీ అడగలేక, ఆసుపత్రి పని లేని రోజుల్లో పైనే ఉండిపోయాడు. బాల్కనీలోంచి వీధి చూసేవాడు.

"ఏడాదిగా మనుషుల నడినెత్తులే చూస్తాండానే" అన్నాడు ఒకసారి. "ఎవురికి బట్టతలొచ్చిందో నన్నడుగు, చెప్తా."

కింది వరుసలో ఉండే తాయారు కోయంబత్తూరులో కూతురి దగ్గరికి పోతోంది. ఆమె ఇల్లు గోవిందమ్మకు ఇస్తానంది. పై ఇల్లు అమ్మితేనే కింది ఇల్లు కొనగలరు. జూలై నడుమ ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, వస్తుంది. ఆ నెలలో ఎవరూ ఇల్లు మారరు, రిజిస్ట్రేషన్ చేయించుకోరు. ఆ లోపల తేలకపోతే తాయారు వేరేవాళ్ళకు ఇచ్చేస్తుంది. అడుగుతున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు కూడా.

కనక బేరం మే నెల కత్తిరి ఎండల్లోనే తేలాలి. బ్రోకరు గిరి వాళ్ళలాగే తెలుగువాడు, ఆ వీధిలోనే పుట్టి పెరిగినవాడు. అతనికి మొదట్లోనే చెప్పింది.

"చూసేదానికొచ్చేవాళ్ళని మధ్యాన్నం రెండు గంటలకే తీసకరా."

గిరి నవ్వాడు. "అక్కా, పై ఇల్లు ఎవురైనా మధ్యాన్నం చూపిస్తారా? పొద్దున ఏడుకి వద్దాం. సముద్రం కనపడతాది, పిట్టలు అరస్తాయి. సంతకం పెట్టేసి పోతారు."

"పెట్టేసి యాడికి పోతారు? ఈ ఇంటికే కదా వచ్చేది. నేను కిందనే కదా ఉంటా. రోజూ మెట్ల దగ్గర ఎదురుపడితే ఏం మొగం పెట్టుకునేది?"

మిగతావాళ్ళు ఇల్లు అమ్మితే పెట్టె సర్దుకుని వెళ్ళిపోతారు. ఆమె వెళ్ళటం లేదు. మూడు అంతస్తులు కిందికి దిగుతోంది, అంతే.

రెండు గంటలకే చూపించింది. మొదట వచ్చినాయన గోడ మీద చెయ్యి పెట్టి తీసేశాడు. తరవాత వచ్చిన కుటుంబం నీళ్ళు తాగి, మళ్ళీ తాగి, ఫోను చేస్తామని చెప్పి వెళ్ళింది. ఒకామె గడప దగ్గరే నిలబడి "లోపల ఏమన్నా కాలతా ఉండాదా?" అని అడిగింది. మే నెల అయిపోవచ్చింది. తాయారు రోజూ అడగటం మొదలుపెట్టింది.

ఒక రాత్రి అన్నాల దగ్గర మునిరాజు అన్నాడు.

"పొద్దున్నే పిలవమని చెప్పవే గిరికి."

గోవిందమ్మ ఆయన కంచంలో చారు పోసింది.

"ఒక్కసారికి. నేను కిందికి దిగేది వద్దా?"

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి గిరికి ఫోను చేసింది.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఒక జంట వచ్చింది. అమ్మాయి పేరు వర్షిణి. భర్త సాయి తేజ ఎన్నూరు ఓడరేవులో ఇంజనీరు. తెలంగాణ నుంచి వచ్చి రెండేళ్ళయింది. ఇంట్లో తెలుగు వినబడగానే అమ్మాయి మొహం విప్పారింది.

కిటికీలు తెరిచి ఉన్నాయి. దూరంగా సముద్రం, దాని మీద లంగరు వేసిన ఓడలు. గిరి ఒక్కొక్క గదీ చూపించాడు. గోవిందమ్మ వంటింట్లో కాఫీ కలుపుతూ ఉండిపోయింది. బయటికి వస్తే ఏం అడుగుతారోనని.

సాయి తేజ అడ్వాన్సు సంగతి ఎత్తాడు. గిరి అప్పుడే సంచిలోంచి కాగితాలు తీశాడు. వర్షిణి బాల్కనీలో మునిరాజు పక్కన నిలబడి ఉంది.

"అంకుల్, ఎండకాలం ఇక్కడ ఎట్లుంటది?"

మునిరాజు వీధి వైపు చూశాడు. గిరి వెనకనుంచి సైగ చేస్తున్నాడు. గోవిందమ్మ గ్లాసులతో తలుపు దగ్గర ఆగింది.

"అన్నం తినేసి పోండి" అన్నాడు మునిరాజు.

"అయ్యో, ఎందుకు అంకుల్? ఇంకా తొమ్మిది కూడ కాలే."

"మధ్యాన్నం దాకా ఉండండి. తినేసి పోతురు. ఏమే, పాప చేపలు తింటాదేమో అడుగు."

"మేము అన్నీ తింటం" అంది వర్షిణి నవ్వుతూ.

గిరి కాగితాలు మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. "నాకు వేరే పనుండాదన్నా" అని కోపంగా మెట్లు దిగిపోయాడు.

నెత్తళ్ళ చేపల పులుసు, చారు. పన్నెండుకు తిన్నారు. ఒంటిగంటకు గోడలు వెచ్చబడ్డాయి. ఆ రోజు సముద్రపు గాలి ఆలస్యం చేసింది. రెండు గంటలకు ఫ్యాను తిప్పుతున్నది వేడినే. సాయి తేజ చొక్కా వీపుకు అతుక్కుంది. వర్షిణి చీర చెంగుతో మెడ తుడుచుకుంది.

"రాత్రి కూడా ఇంతేనమ్మా" అంది గోవిందమ్మ. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. "పడుకునే వేళకి ఇంకా ఉడకపోస్తాది."

"మాది రామగుండం, ఆంటీ. బొగ్గు బాయిల ఊరు. ఎండ మాకు కొత్తనా?" అంది అమ్మాయి. కానీ ఆ మాట తరవాత ఎక్కువసేపు కూర్చోలేదు. ఇద్దరూ దణ్ణం పెట్టి వెళ్ళారు. తీసుకుంటామనీ అనలేదు, వద్దనీ అనలేదు.

తలుపు వేశాక గోవిందమ్మ భర్త మీద విరుచుకుపడింది.

"పొద్దున్నే పిలవమనింది ఎవురయ్యా? నువ్వు కదా! అప్పురం మళ్ళా నువ్వే అన్నం పెట్టి తరిమినావు!"

"ఆ పాప నన్నే అడిగె" అన్నాడు మునిరాజు. "గిరినడిగుంటే వాడు చెప్పుకునేవాడు."

మూడోనాడు వర్షిణే ఫోను చేసింది.

"ఆంటీ, ఇన్నేండ్లు ఎట్లున్నరు మీరు అండ్ల?"

గోవిందమ్మ చెప్పింది. మిద్దె మీద కొబ్బరాకులు పరవటం, పొద్దు వాలాక నీళ్ళు చల్లటం, మే నెలలో బాల్కనీలో పడుకోవటం. ఏం చేసినా పూర్తిగా చల్లబడదని కూడా చెప్పింది. వర్షిణి అంతా వింది.

"వేరేవి నాలుగు ఇండ్లు చూసినం. ఒక్కదాంట్ల గూడ ఎవ్వలూ కూసోమనలే" అంది. "మిద్దె మీద రేకుల పందిరి వేసుకుంటం. దానికైతది కాబట్టి ధర కొంచెం తగ్గించండి. తీసుకుంటం."

గోవిందమ్మ తగ్గించింది. తగ్గినంత తన బంగారు గాజులు అమ్మి సర్దింది. పందిరికి సంఘం ఒప్పుకుంది.

ఆడి రాకముందే రెండు ఇళ్ళూ చేతులు మారాయి. సామాను దిగాక చివరికి మునిరాజును కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు దించారు. కొత్త గడప దగ్గరికి వచ్చి లోపలికి తీసుకుపోబోతే ఆయన వద్దన్నాడు. గేటు పక్కన, వీధికి ఎదురుగా దించమన్నాడు.

గోవిందమ్మ లోపల పొయ్యి అమర్చుకుంటూ ఉంది. బయటనుంచి మాటలు వినిపించాయి. ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసిన ఒకతను సైకిలు ఆపినట్టున్నాడు.

"ఏడికి పోయింటివి రాజన్నా, ఇన్ని దినాలు?"

"ఏడికీ పోలేదురా."

"అట్లయితే కనపడలేదే?"

దానికి మునిరాజు ఏం చెప్పాడో సరిగా వినబడలేదు. ఇద్దరూ నవ్వారు. ఇంకెవరో వచ్చి చేరారు.

వంటయ్యాక ఆమె గడపలోకి వచ్చి పిలిచింది.

"లోపలికి రాయ్యా, అన్నం తిందువు."

"ఈడికే తెచ్చియ్యి" అన్నాడు.

ఆమె కంచంలో అన్నం పెట్టి తీసుకువెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది.